హెన్రియెట్టా లెవిట్

అమావాస్యనాటి రాత్రి మేడపై నిలిచి ఆకాశమును చూచువారికి చుక్కలన్నియు ఒకే నల్లని గొడుగునకు లోపలివైపున పొదిగినట్లు కన్పట్టును. ఏ చుక్క దగ్గర, ఏ చుక్క దూరము అను భేదము కంటికి తెలియదు. కార్తిక మాసమున దేవాలయ ధ్వజస్తంభముపై వెలిగించు ఆకాశదీపమును దూరపు పొలము గట్టు నుండి చూచినచో, అది దగ్గర నున్న చిన్న ప్రమిదయో, దూరమున నున్న పెద్ద దివిటీయో చెప్పుట కష్టము. నక్షత్రముల విషయమునను మానవునకు ఎదురైన చిక్కు ఇదియే. గ్రహణములను ముందుగా గుణించి, పంచాంగములను రచించిన మహాపండితులకు సైతము నక్షత్రముల దూరము అంతుపట్టలేదు. ఆ చిక్కుముడి కొసను లోకమునకు అందించినది నిరాడంబరయైన ఒక స్త్రీ. ఆమె రాత్రులందు దూరదర్శిని కడ కూర్చుండి ఆకాశమును చూచిన వ్యక్తి కాదు. పగటివేళ, గంటకు 30 సెంట్ల వేతనమునకు, గాజుపలకలపై నున్న నల్లని చుక్కలను పరిశీలించిన ఉద్యోగిని. ఆమె పేరు హెన్రియెట్టా స్వాన్ లెవిట్.

హెన్రియెట్టా 1868వ సంవత్సరము జూలై 4వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, లాంకాస్టర్ అను పట్టణమున జన్మించెను. తండ్రి జార్జి రాస్వెల్ లెవిట్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి పేరును హెన్రియెట్టాయే. ఏడుగురు సంతానములో ఈమె పెద్దది. ఇంట భక్తియు, విద్యయందు ఆసక్తియు సమముగా నుండెను. ఆడపిల్లలకు ఉన్నత విద్య ఏల యని సందేహించువారు ఆ దేశమునను మెండుగా నున్న కాలమది. ఐనను హెన్రియెట్టా తల్లిదండ్రులు కుమార్తె చదువునకు అడ్డు చెప్పలేదు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము ఒహాయో రాష్ట్రమునకు తరలిపోగా, ఆమె 1885లో అచటి ఓబర్లిన్ కళాశాలలో చేరెను.

1888లో ఆమె మసాచుసెట్స్ లోని కేంబ్రిడ్జి నగరమునకు వచ్చెను. ఆ నగరమున ప్రసిద్ధమైన హార్వర్డు విశ్వవిద్యాలయము కలదు. కాని ఆనాడు దానిలో స్త్రీలకు ప్రవేశము లేదు. అందుచేత స్త్రీల కొరకు పక్కనే వేరొక విద్యాసంస్థను నెలకొల్పిరి. పాఠములు చెప్పువారు హార్వర్డు ఆచార్యులే. పట్టము మాత్రము హార్వర్డుది కాదు. ఆ సంస్థయే తరువాత రాడ్‌క్లిఫ్ కళాశాల అయ్యెను. హెన్రియెట్టా అచట భాషలను, గణితమును, తత్త్వశాస్త్రమును అభ్యసించి, చివరి సంవత్సరమున ఖగోళ శాస్త్రమును గైకొనెను. 1892లో చదువు ముగిసినప్పుడు ఆమెకు ఒక యోగ్యతాపత్రము లభించెను. పురుషులు హార్వర్డులో బి.ఏ. పట్టమునకు చదువునంతయు ఈమెయు చదివినదని దాని తాత్పర్యము. పట్టము లేదు, పట్టమునకు సమానమను మాట మాత్రము కలదు.

హార్వర్డు వేధశాలకు అప్పుడు ఎడ్వర్డు చార్లెస్ పికరింగ్ అధ్యక్షుడు. అతడు 1877 నుండి ఆ పదవి యందుండెను. ఆకాశమునంతయు ఛాయాచిత్రములుగా తీయించి, ఒక్క నక్షత్రమును విడువక దాని ప్రకాశమును కొలిపించి, పట్టికలుగా అచ్చువేయింపవలెనని అతని సంకల్పము. అది ఒక జీవితకాలమున ముగియు పని కాదు. దక్షిణార్ధ గోళపు ఆకాశము మసాచుసెట్స్ నుండి కనబడదు గనుక, దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున అరెకీపా అను కొండ ప్రాంతపు పట్టణమున వేరొక వేధశాలను గూడ అతడు స్థాపించెను. అచట తీసిన చిత్రములు గాజుపలకల రూపమున ఓడలపై కేంబ్రిడ్జికి చేరుచుండెను.

ఇన్ని పలకలను పరిశీలించువారెవరు? పికరింగ్ ఈ పనికి స్త్రీలను నియమించెను. ఆ స్త్రీలలో కొందరు కళాశాలలలో చదివినవారు. విలియమినా ఫ్లెమింగ్ వంటివారు అట్టి విద్య లేనివారు. ఆమె తొలుత పికరింగ్ ఇంటిలో పనిచేసిన సేవకురాలు. వీరినందరిని కంప్యూటర్లు, అనగా గణకులు, అని పిలుచుచుండిరి. ఈ పేరు నేడు యంత్రమునకు చెల్లుచున్నది. ఆనాడు అది మనుష్యుల ఉద్యోగమునకు పేరు. వారానికి ఆరు దినములు, దినమునకు ఏడు గంటలు పని. వేతనము సామాన్యముగా గంటకు 25 సెంట్లు. పురుషులకైనచో ఇంతకంటె ఎక్కువ ఈయవలసియుండెడిది. స్త్రీలకు విజ్ఞానశాస్త్రమున ద్వారము తెరచిన ఉదారునిగా పికరింగును కొందరు కొనియాడిరి. తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేయించుకొన్న మితవ్యయపరునిగా మరికొందరు చెప్పిరి. రెండును సత్యమే.

చదువు ముగిసిన కొన్నాళ్లకు హెన్రియెట్టా వేతనము లేకుండగనే ఈ వేధశాలలో పని నేర్చుకొన మొదలిడెను. 1896లో యూరపునకు పోయి, తిరిగి వచ్చిన తరువాత తండ్రి యున్న విస్కాన్సిన్ రాష్ట్రపు బెలాయిట్ పట్టణమున కొన్ని సంవత్సరములు గడపెను. అచటి కళాశాలలో చిత్రకళా విభాగమున సహాయకురాలుగా నుండెను. ఈ లోపున ఆమెకు గొప్ప ఆపద సంభవించెను. అనారోగ్యము వలన వినికిడి శక్తి తగ్గ నారంభించి, కాలక్రమమున దాదాపు పూర్తిగా నశించెను. ఇతరులు తమ మాటలను చెవికి చేరవేయలేని ఆమెకు, కన్నులతో చేయు పని మాత్రము మిగిలెను. 1902లో ఆమె తన మనసు నక్షత్రములపైననే యున్నదని పికరింగునకు జాబు వ్రాసెను. ఆమె నేర్పును ఎరిగిన పికరింగ్ వెంటనే ఉద్యోగమిచ్చి, తక్కిన వారికంటె 5 సెంట్లు ఎక్కువగా, గంటకు 30 సెంట్లు నిర్ణయించెను.

ఆమెకు అప్పగించిన పని చరకాంతి తారలను వెదకుట. కొన్ని నక్షత్రముల కాంతి ఎల్లప్పుడు ఒకే తీరున నుండదు. అవి కొన్నినాళ్లు ప్రకాశించి, కొన్నినాళ్లు మసకబారి, మరల ప్రకాశించును. అట్టి వానిని చరకాంతి తారలందురు. వీనిలో సెఫియస్ అను నక్షత్రరాశియందలి ఒక చుక్క ప్రసిద్ధమైనది. అది 5 దినముల 9 గంటలకు ఒకసారి, గడియారము తప్పినను తాను తప్పనట్లు, పెరిగి తరుగుచుండును. దాని కాంతి త్వరగా పెరుగును. తగ్గుట మాత్రము మెల్లగా తగ్గును. ఈ సంగతిని 1784లో కనుగొన్నవాడు ఇంగ్లండు దేశీయుడగు జాన్ గుడ్రిక్ అను యువకుడు. అతడును చిన్ననాటి నుండియు చెవిటివాడగుట చిత్రమైన విషయము. అతడు 21 ఏండ్లకే మరణించెను. ఆ చుక్కవలె ప్రవర్తించు నక్షత్రములన్నిటికిని సెఫీడులని పేరు వచ్చెను.

గాజుపలకపై చరకాంతి తారను పట్టుకొనుట సులభము కాదు. ఛాయాచిత్రపు మూలపలకలో ఆకాశము తెల్లగను, చుక్కలు నల్లగను ఉండును. ఒక్కొక్క పలకపై వేలకొలది చుక్కలుండును. లెవిట్ ఒక రాత్రి తీసిన పలక నుండి ఎదురు ప్రతిని చేయించును. అందులో చుక్కలు తెల్లగా నుండును. దానిపై వేరొక రాత్రి తీసిన మూలపలకను సరిగా పొందించి, వెనుకనుండి వెలుతురు పడునట్లుంచి, భూతద్దముతో చూచును. కాంతి మారని చుక్కలందు నలుపు తెలుపును సరిగా కప్పివేయును. మారిన చుక్క యొద్ద నలుపు పెద్దదియో, చిన్నదియో అయి, చుట్టును సన్నని అంచు మిగులును. ఆ అంచును పట్టుకొనుటయే విద్య. పిదప, ఆ చుక్కను అనేక రాత్రుల పలకలలో వెదకి, ప్రతి రాత్రి నాటి ప్రకాశమును ఇరుగుపొరుగు చుక్కలతో పోల్చి, పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ పిమ్మట, అది ఎన్ని దినములకు ఒకసారి తన పూర్వస్థితికి వచ్చుచున్నదో గుణింపవలెను. ఒక్క చుక్కకు ఇంత శ్రమ. లెవిట్ తన జీవితకాలమున ఇట్లు కనుగొన్న చరకాంతి తారలు 2,400కు పైబడినవి. ఆనాటికి లోకమునకు తెలిసిన వానిలో ఇంచుమించు సగము ఆమె కనుగొన్నవే. ఆమె కనుగొను వేగముతో సమముగా తాము వానిని చదువజాలకున్నామని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకడు పికరింగునకు విన్నవించుకొనెనట.

1904వ సంవత్సర ప్రాంతమున అరెకీపా నుండి వచ్చిన పలకలలో ఆమె దృష్టి మెజిల్లను మేఘములపై నిలిచెను. దక్షిణ దేశములవారికి ఆకాశమున పాలవెల్లి నుండి తెగిపడిన తునకలవలె రెండు తెల్లని మసకలు కనబడును. భూమిని చుట్టివచ్చిన నావికుల నాయకుడగు మెజిల్లన్ పేర వానిని పిలుచుచున్నారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మేఘములని పేరే కాని అవి మేఘములు కావు. అసంఖ్యాకములైన నక్షత్రములతో కూడిన గుంపులు. ఆ రెండింటను కలిపి లెవిట్ 1,777 చరకాంతి తారలను కనుగొనెను. చిన్న మేఘమున 969. పెద్ద మేఘమున 808. ఈ పట్టికను 1908లో హార్వర్డు వేధశాల ప్రకటించెను.

ఆ పట్టిక చివర చిన్న మేఘమునకు చెందిన 16 చుక్కల ఆవర్తన కాలములు గూడ ఉన్నవి. అనగా, ప్రతి చుక్కయు ఎన్ని దినములకు ఒకసారి తన కాంతిచక్రమును ముగించుచున్నదో తెలుపు అంకెలు. వానిని చూచి లెవిట్ ఒక విశేషమును గమనించెను. ఎక్కువ ప్రకాశము గల చుక్కలకు ఎక్కువ దినముల చక్రము. తక్కువ ప్రకాశము గల చుక్కలకు తక్కువ దినముల చక్రము. ఈ సంగతి గమనింపదగినదని ఆమె ఒక్క వాక్యమున వ్రాసి ఊరకుండెను. పదునారు చుక్కలను చూచి లోకమునకంతకు నియమము చేయు స్వభావము ఆమెది కాదు.

మరి నాలుగేండ్లు గడచెను. మధ్యలో ఆమెకు జబ్బు చేసి పుట్టినింటికి పోవలసి వచ్చెను. అచటికి గూడ వేధశాల నుండి పలకల చిత్రములు పెట్టెలలో వచ్చుచునే యుండెను. 1911లో తండ్రి మరణించెను. ఆ దుఃఖము నుండి తేరుకొని ఆమె మరల కేంబ్రిడ్జికి చేరి, చిన్న మేఘమందలి చుక్కల లెక్కను ముగించెను. ఈ మారు 25 చుక్కలు. వానిలో అన్నిటికంటె త్వరితమైనది 1 దినము 6 గంటలలో చక్రమును ముగించును. అన్నిటికంటె మందమైనది 127 దినములు తీసికొనును. ఆవర్తన కాలములను సంవర్గమానముల చొప్పున అడ్డముగను, ప్రకాశములను నిలువుగను గీతల కాగితముపై గుర్తించినపుడు, ఆ యిరువది యైదు చుక్కలును ఇంచుమించు ఒక సరళరేఖపై వరుసగా నిలిచినవి. సంశయమునకు తావు లేకపోయెను. 1912 మార్చి 3వ తేదీతో ప్రకటించిన కొద్ది పుటల పత్రమున ఈ నియమము వెలువడెను. పత్రము క్రింద సంతకము పికరింగుది. దానిని సిద్ధము చేసినది లెవిట్ అని మాత్రము మొదటి వాక్యమున చెప్పబడినది.

ఇందులో ఇంత గొప్ప యేమి యని అడుగవచ్చును. మరల ఆకాశదీపముల ఉపమానమునే తీసికొందము. ఊరినిండ దీపములున్నవి, కొన్ని దగ్గర, కొన్ని దూరము. వానిలో ఏది నిజముగా పెద్ద దీపమో తెలియదు. కాని ఎదుట కొండపై నొక పల్లె యున్నదనుకొందము. ఆ పల్లె దీపములన్నియు మనకు ఇంచుమించు సమదూరమున ఉన్నవి. అందుచేత వానిలో ఎక్కువగా వెలుగునది నిజముగానే పెద్ద దీపము. తక్కువగా వెలుగునది నిజముగానే చిన్న దీపము. చిన్న మెజిల్లను మేఘము లెవిట్‌కు అట్టి కొండపల్లె అయ్యెను. అందలి చుక్కలన్నియు మనకు ఒకే దూరమున ఉన్నవని చెప్పవచ్చును గనుక, వాని ఆవర్తన కాలము చక్షుర్గోచరమైన ప్రకాశముతో కాక, నిజమైన ప్రకాశముతోనే ముడివడియున్నదని ఆమె గ్రహించెను.

దీపమునుండి దూరముగా పోయినకొలది దాని వెలుతురు ఒక లెక్క ప్రకారము తగ్గును. దూరము రెండింతలైనచో వెలుతురు నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతు. పదింతలైనచో నూరవ వంతు. ఆకాశమున రెండు చోట్ల రెండు సెఫీడులు కనబడినవనుకొందము. రెండింటి చక్రమును పది దినములే. అందుచే నిజమైన ప్రకాశము రెండింటికిని సమానమే కావలెను. కాని ఒకటి రెండవదానిలో నూరవ వంతు వెలుతురుతోనే కన్పట్టుచున్నచో, అది పదింతలు దూరమున నున్నదని చిన్న పిల్లలును చెప్పగలరు. దూరమును కొలుచుటకు ఇక కావలసినది ఓపిక గలిగి కొన్ని రాత్రులు ఆ చుక్కను చూచి, దాని దినములను లెక్కించుటయే.

అంతకు ముందు నక్షత్ర దూరములను కొలుచు పద్ధతి లేకపోలేదు. చేతిని చాచి బొటనవ్రేలిని ఒకసారి కుడికంటితోను, ఒకసారి ఎడమకంటితోను చూచినచో, వెనుకనున్న గోడపై అది కొంచెము జరిగినట్లు తోచును. అట్లే భూమి సూర్యుని చుట్టు తిరుగుటలో ఆరు నెలల తేడాతో చూచినపుడు, దగ్గరి నక్షత్రములు దూరపు వాని యెదుట రవంత జరిగినట్లు కనబడును. బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1838లో ఈ విధముననే ఒక చుక్క దూరమును తెలిసికొనెను. అది సుమారు 11 కాంతి సంవత్సరములు. కాంతి క్షణమునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అది ఒక సంవత్సరమున పోవు దూరము సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. దానినే కాంతి సంవత్సరమందురు. కాని ఈ పద్ధతి చాల దగ్గరి నక్షత్రములకే చెల్లును. దూరము పెరిగినచో ఆ జరుగుట అంతయు పరికరములకు సైతము అందనంత స్వల్పమగును. లెవిట్ కనుగొన్న నియమము ఆ ఎల్లను దాటించెను.

ఐనను ఒక లోపము మిగిలెను. చిన్న మేఘము ఎంత దూరమున ఉన్నదో తెలియదు. రెండు చుక్కలలో ఒకటి పదింతలు దూరమని తెలిసినను, మొదటిదాని దూరము తెలియనిదే రెండవదాని దూరము తెలియదు. ఏదో ఒక సెఫీడు దూరమును వేరే విధమున కనుగొనవలెను. ఆ పనిని లెవిట్ తానే చేయదలచెనేమో! కాని వేధశాలలో ఎవరేమి చేయవలెనో నిర్ణయించువాడు పికరింగ్. అంకెలను సమకూర్చుటయే తమ విధి యనియు, వానినుండి సిద్ధాంతములు చేయుట ఇతరుల పని యనియు అతని మతము. అతడు ఆమెకు ధ్రువ నక్షత్ర ప్రాంతమున నున్న చుక్కల ప్రకాశములను స్థిరపరచు పనిని అప్పగించెను. లోకమందలి వేధశాలలన్నియు పోల్చిచూచుకొనుటకు అక్కరకు వచ్చు ఆదర్శ పట్టిక యది. 13 దూరదర్శినులతో తీసిన 299 పలకలను పరిశీలించి, 96 చుక్కల ప్రకాశములను ఆమె నిర్ణయించెను. అనేక దేశముల శాస్త్రజ్ఞులు దానిని ప్రమాణముగా అంగీకరించిరి. పని గొప్పదే, సందేహము లేదు. కాని దానికై ఆమె సంవత్సరములు వ్యయమయ్యెను. తరువాతి తరమున అదే వేధశాలలో పేరుపొందిన సిసీలియా పేన్ గపోష్కిన్ అను శాస్త్రజ్ఞురాలు, అంతటి ప్రతిభావంతురాలిని అట్టి పనికి కట్టివేయుట కఠినమనియు, దాని వలన చరకాంతి తారల విద్య అనేక సంవత్సరములు వెనుకబడినదనియు అభిప్రాయపడెను. ధ్రువ నక్షత్రమే ఒక సెఫీడు అగుటయు, మనకు అన్నిటికంటె దగ్గరి సెఫీడు అదియే అగుటయు ఇచట తలచుకొనదగినది. ఐనను దాని దూరము 400 కాంతి సంవత్సరములకు పైబడినది గనుక, ఆనాటి పద్ధతులకు అది సరిగా అందలేదు.

లెవిట్ విడిచిన చోట ఇతరులు అందుకొనిరి. డెన్మార్కు దేశీయుడగు హెర్ట్‌స్‌ప్రుంగ్ 1913లో మన పాలవెల్లియందలి 13 సెఫీడులు ఏండ్ల తరబడి ఆకాశమున మెల్లమెల్లగా జరుగు తీరును బట్టి వాని సగటు దూరమును గుణించి, లెవిట్ నియమమునకు ఆధారము కల్పించెను. ఆ లెక్కతో చిన్న మేఘము 30,000 కాంతి సంవత్సరముల దూరమున ఉన్నదని తేలెను. నేడు మనకు తెలిసిన దూరము సుమారు 2 లక్షల కాంతి సంవత్సరములు గనుక, అది ఆరవ వంతు కంటె తక్కువ. కాని ఒక నక్షత్రపు గుంపు అంత దూరమున ఉండగలదని అంతకు ముందు ఎవరు కొలిచి చెప్పిరి? తరువాత అమెరికాలో హార్లో షాప్లీ ఈ కొలబద్దతోనే నక్షత్రముల గుచ్ఛములను కొలిచి, సూర్యుడు పాలవెల్లి నడుమ లేడనియు, ఒక మూలగా ఉన్నాడనియు 1918లో చాటెను.

ఆ దినములలో శాస్త్రజ్ఞులను వేధించుచున్న ప్రశ్న మరియొకటి. ఆకాశమున అచ్చటచ్చట సుడి తిరిగిన మసకలు కనబడుచున్నవి. అవి మన పాలవెల్లిలోని వాయుమేఘములా, లేక దానికి వెలుపల నున్న వేరు నక్షత్రలోకములా? పాలవెల్లియే సమస్త విశ్వమని షాప్లీ వాదము. అది అనేక లోకములలో ఒకటి మాత్రమే యని హీబర్ కర్టిస్ వాదము. 1920 ఏప్రిల్ 26వ తేదీన వాషింగ్టన్ నగరమున వీరిరువురును సభలో తమ తమ పక్షములను వినిపించిరి. వాదములతో తెగు విషయము కాదది. తెంచవలసినది కొలత.

1919లో పికరింగ్ మరణించెను. 1921లో షాప్లీయే హార్వర్డు వేధశాలకు అధ్యక్షుడై వచ్చి, నక్షత్రముల ప్రకాశములను కొలుచు విభాగమునకు లెవిట్‌ను అధిపతిగా చేసెను. కాని అప్పటికే ఆమె ఉదరమున పుట్టిన పుట్టకురుపుతో బాధపడుచుండెను. ఆమె అవివాహిత, కేంబ్రిడ్జిలో వృద్ధురాలైన తల్లితో నివసించుచుండెను. 1921 డిసెంబరు 12వ తేదీన, 53వ ఏట ఆమె కన్ను మూసెను. ఆమె తల్లికి విడిచిన ఆస్తి కొన్ని గృహోపకరణములు, కొన్ని ఋణపత్రములు. అన్నిటి విలువయు కలిసి 315 డాలర్లకు లోపే. ఆమెతో చిరకాలము పనిచేసిన సోలన్ బెయిలీ ఆమె గుణములను స్మరించుచు, ఆమె కర్తవ్యమునందు దీక్ష గలదియనియు, ఇతరులలోని మంచినే చూచెడిదియనియు వ్రాసెను.

ఆమె మరణించి రెండేండ్లు కాకముందే కొలత వచ్చెను. కాలిఫోర్నియాలోని విల్సన్ పర్వతముపై 100 అంగుళముల అద్దము గల దూరదర్శిని, అప్పటి లోకమున అన్నిటికంటె పెద్దది, ఉండెను. ఎడ్విన్ హబుల్ అనునతడు 1923 అక్టోబరు మొదటి వారమున దానితో ఆండ్రోమీడా నీహారికను చిత్రించెను. ఉత్తరాభాద్ర నక్షత్రమునకు సమీపమున, కార్తిక మాసపు రాత్రులందు నిర్మలమైన ఆకాశమున కంటికి మసకగా కనబడు నీహారిక యది. ఆ పలకపై మూడు చుక్కలను హఠాత్తుగా వెలిగి ఆరిపోవు నవ్యతారలని అతడు గుర్తించెను. కాని పాత పలకలతో పోల్చి చూడగా, వానిలో ఒకటి ఆరిపోవునది కాక, పెరిగి తరుగునదని తేలెను. అతడు తాను వ్రాసిన గుర్తును కొట్టివేసి, దాని చెంత చరకాంతి తార యని వ్రాసెను. దాని చక్రము 31 దినములకు కొంచెము పైన. అది సెఫీడు. లెవిట్ నియమమునుబట్టి గుణింపగా, దాని దూరము సుమారు 9 లక్షల కాంతి సంవత్సరములని వచ్చెను. షాప్లీ లెక్కలో పాలవెల్లి వెడల్పు 3 లక్షలు మాత్రమే. కావున ఆండ్రోమీడా పాలవెల్లికి వెలుపలిదే. అది మరియొక నక్షత్రలోకమే.

1924 ఆరంభమున హబుల్ ఈ సంగతిని షాప్లీకి జాబు వ్రాసెను. ఆ జాబును చదివిన షాప్లీ తాను నమ్మిన విశ్వము కూలిపోయినదని గ్రహించెను. తాను పెంచిన కొలబద్దయే తన వాదమును తెగనరికెను. దానికి అతడు మారు మాట చెప్పలేదు. 1925 జనవరి 1వ తేదీన వాషింగ్టన్ లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో హబుల్ వ్యాసము చదువబడెను. హబుల్ ఆ సభకు రాలేదు. హెన్రీ నోరిస్ రస్సెల్ అను ఆచార్యుడు చదివెను. మనము గాలక్సీలని పిలుచు వేరు నక్షత్రలోకములు కలవని నాటినుండి లోకము ఒప్పుకొనెను.

అదే సంవత్సరమున స్వీడను దేశమునుండి హార్వర్డు వేధశాలకు ఒక ఉత్తరము వచ్చెను. వ్రాసినవాడు అచటి విజ్ఞాన పరిషత్తు సభ్యుడును, ప్రఖ్యాత గణితజ్ఞుడును అగు మిట్టాగ్ లెఫ్లర్. హెన్రియెట్టా లెవిట్ పరిశోధన తనను ఆశ్చర్యపరచినదనియు, ఆమెను భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానమునకు సూచింపదలచితిననియు, ఆమె పనిని గూర్చి మరికొన్ని వివరములు పంపవలెననియు దాని సారాంశము. ఉత్తరము ఆమె పేరనే వచ్చెను. ఆమె చనిపోయి అప్పటికి మూడేండ్లు దాటినది. నోబెల్ బహుమానము జీవించియున్నవారికే ఇచ్చెదరు. షాప్లీ ఆమె మరణవార్తను తెలుపుచు ప్రత్యుత్తరము వ్రాసెను.

హబుల్ కొలిచిన 9 లక్షలు సరియైన అంకె కాదు. సెఫీడులలో రెండు జాతులు కలవనియు, వానిని ఒకటిగా తలచుట వలన దూరములన్నియు సగమునకు తగ్గినవనియు 1952లో వాల్టర్ బాడే నిరూపించెను. నేటి లెక్కలో ఆండ్రోమీడా 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది. సెఫీడులు ఏల పెరిగి తరుగునో గూడ ఇప్పుడు తెలియును. నక్షత్రపు పైపొరలలోని హీలియము వేడిని ఒకమారు పట్టి యుంచి, ఒకమారు వదలుచుండును. మూకుటిపై మూత పొంగి అణగునట్లు నక్షత్రము ఉబ్బి కుదించుకొనుచుండును. పెద్ద నక్షత్రము ఇట్లు ఒక్కసారి ఊపిరి తీయుటకు ఎక్కువ దినములు పట్టును. ఎక్కువ కాంతి గలదియు అదియే.

1990లో ఆకాశమునకు పంపిన దూరదర్శినికి హబుల్ పేరు పెట్టిరి. చంద్రుని ఆవలి వైపున నొక గోతికి లెవిట్ పేరును పెట్టిరి. 1994లో ఆ దూరదర్శినితో పరిశీలించి, ఎం 100 అను సుడిగాలక్సీయందు ఇరువది సెఫీడులను శాస్త్రజ్ఞులు గుర్తించి, వాని దినములను లెక్కించిరి. లెవిట్ 1912లో గీసిన రేఖ చొప్పున గుణింపగా, ఆ గాలక్సీ దూరము సుమారు 5 కోట్ల 60 లక్షల కాంతి సంవత్సరములని తేలెను.